ఆన్‌లైన్ ఖాతా నుంచి డబ్బు పంపడం: నెఫ్ట్ నుంచి స్విఫ్ట్ దాకా

బ్యాంకు కంప్యూటరు పేరు చూసి డబ్బు వేయదు, నంబరు చూసి వేస్తుంది. ఒక బ్యాంకు ఖాతా నుంచి ఇంకో బ్యాంకు ఖాతాకు డబ్బు పంపే పద్ధతులైన నెఫ్ట్, ఆర్టీజీఎస్‌లలో ఖాతా నంబరు ఒక్కటే ఆధారంగా జమ చేయొచ్చని, ఆ నంబరు సరిగ్గా ఇచ్చే బాధ్యత పంపేవారిదేనని రిజర్వు బ్యాంకు నిబంధన. కాబట్టి "పేరు కరెక్టుగానే రాశాను కదా" అనే వాదన బ్యాంకు దగ్గర నిలబడదు. ఈ వ్యాసంలో చెప్పే జాగ్రత్తల్లో సగం ఇక్కడి నుంచి పుట్టినవే. మిగతా సగం విదేశాలకు పంపేటప్పుడు కనపడకుండా కోత పడే డబ్బు గురించి.

ఏ దారిలో పంపాలి

మన దేశంలో ఒక ఖాతా నుంచి ఇంకో బ్యాంకు ఖాతాకు పంపడానికి నెట్ బ్యాంకింగ్‌లో మూడు దారులుంటాయి.

ఐఎంపీఎస్ క్షణాల్లో చేరుతుంది, రాత్రీ పగలూ సెలవూ తేడా లేదు. ఒకసారికి 5 లక్షల దాకా పంపొచ్చు. 2021 అక్టోబరుకు ముందు ఈ పరిమితి 2 లక్షలే ఉండేది. కొన్ని బ్యాంకులు దీనికి చిన్న రుసుము తీసుకుంటాయి. "కన్ఫర్మ్" నొక్కే ముందు తెరమీద కనపడే రుసుము చూసుకోండి.

నెఫ్ట్ విడతలవారీగా నడుస్తుంది. అరగంటకో విడత చొప్పున రోజుకు 48 విడతలు. 2019 డిసెంబరు 16 నుంచి ఆదివారాలు, పండగ రోజులతో సహా 24 గంటలూ పనిచేస్తోంది. ఉదయం 10.05కి పంపితే 10.30 విడతలో వెళ్తుంది. ఆ విడత తేలిన రెండు గంటల్లోపు అవతలి బ్యాంకు జమ చేయాలి, లేదంటే వెనక్కి పంపాలి. అంటే పన్నెండున్నర దాకా కంగారు పడక్కర్లేదు. సేవింగ్స్ ఖాతాదారులు ఆన్‌లైన్‌లో చేసే నెఫ్ట్‌కు 2020 జనవరి నుంచి రుసుము లేదు. అదే పని శాఖకు వెళ్లి చీటీ రాసి చేయిస్తే మొత్తాన్ని బట్టి రెండున్నర నుంచి 25 రూపాయల దాకా, దానిపైన జీఎస్టీ పడుతుంది.

ఆర్టీజీఎస్ పెద్ద మొత్తాలకు. కనీసం 2 లక్షలు, పై పరిమితి రిజర్వు బ్యాంకు పెట్టలేదు. విడతల గొడవ లేకుండా ఒక్కో లావాదేవీ విడిగా, అప్పటికప్పుడు తేలిపోతుంది. సొమ్ము అందిన 30 నిమిషాల్లో అవతలి బ్యాంకు జమ చేయాలి. 2020 డిసెంబరు 14 నుంచి ఇది కూడా 24 గంటలూ ఉంది.

యూపీఐ వీటికి పక్కనుండే దారి. మామూలుగా ఒక మనిషి ఇంకొకరికి రోజుకు లక్ష దాకా. అంతకన్నా ఎక్కువైతే నెట్ బ్యాంకింగ్‌కు రావాల్సిందే.

ఎంపిక కష్టమేమీ కాదు. ఇంటి అద్దె, బంధువులకు సర్దుబాటు లాంటివి ఐఎంపీఎస్‌లో కానివ్వండి. తొందర లేనిదైతే నెఫ్ట్. స్థలం కొనుగోలు, ఆసుపత్రి పెద్ద బిల్లు లాంటివి ఆర్టీజీఎస్. రిజిస్ట్రేషన్ దస్తావేజులో ఏ తేదీన, ఏ బ్యాంకు నుంచి, ఏ యూటీఆర్ నంబరుతో (ఆ లావాదేవీకి బ్యాంకు ఇచ్చే గుర్తింపు నంబరు) చెల్లించారో రాయాల్సి వస్తుంది కాబట్టి ముక్కలు ముక్కలుగా పది ఐఎంపీఎస్‌లు చేసేకంటే ఒక్క ఆర్టీజీఎస్ శుభ్రంగా ఉంటుంది. ఇక్కడే ఇంకో మాట. ఆస్తి విలువ 50 లక్షలు గానీ ఆపైన గానీ ఉంటే కొనేవారు 1 శాతం టీడీఎస్ (అమ్మేవారి తరఫున ప్రభుత్వానికి కట్టాల్సిన పన్ను) మినహాయించుకుని మిగతాదే అమ్మేవారికి పంపాలి. మొత్తం పంపేశాక ఆ ఒక్క శాతం వెనక్కి అడిగితే ఇచ్చేవాళ్లు తక్కువ. అమ్మేవారు ఎన్నారై అయితే ఈ 1 శాతం లెక్క వర్తించదు, కోత చాలా ఎక్కువ ఉంటుంది. ఆడిటరును అడగకుండా రూపాయి పంపొద్దు.

రిజర్వు బ్యాంకు పరిమితులు వేరు, మీ బ్యాంకు మీ ఖాతాకు పెట్టిన రోజువారీ పరిమితి వేరు. మొబైల్ యాప్‌లో పరిమితి వెబ్‌సైటులో కంటే తక్కువ ఉండటం మామూలే. రిజిస్ట్రేషన్ రోజు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో కూర్చుని 18 లక్షలు పంపబోతే "లిమిట్ ఎక్సీడెడ్" అని రావడం పెద్ద తలనొప్పి. రెండు మూడు రోజుల ముందే సెట్టింగ్స్‌లో పరిమితి పెంచుకుని, కొత్తగా పెంచిన పరిమితి అమల్లోకి వచ్చిందో లేదో చూసుకోండి.

బెనిఫిషియరీని చేర్చడం

డబ్బు పంపే ముందు అందుకునేవారి వివరాలను ఖాతాలో నమోదు చేయాలి. పేరు, ఖాతా నంబరు రెండుసార్లు, ఐఎఫ్ఎస్‌సీ (బ్యాంకు శాఖ కోడు), కొన్నిచోట్ల గరిష్ఠ మొత్తం. తర్వాత ఓటీపీ. నమోదు అవగానే పెద్ద మొత్తం పంపనివ్వరు. బ్యాంకును బట్టి అరగంట నుంచి 24 గంటల దాకా ఆగాలి, లేదా మొదటి రోజు కొద్ది మొత్తమే వెళ్తుంది. మోసగాళ్ల చేతిలో పాస్‌వర్డు పడినా వెంటనే ఖాతా ఊడ్చేయకుండా పెట్టిన అడ్డు ఇది. విసుగనిపించినా మన మేలుకే. రేపటి పనికి ఇవాళే నమోదు చేసుకోండి.

ఖాతా నంబరును చెక్కు లేదా పాస్‌బుక్ ఫొటో చూసి కొట్టండి. ఫోన్లో చెబుతుంటే రాసుకోవద్దు. వాట్సాప్‌లో నంబరు వస్తే, పంపినవారికి ఫోన్ చేసి చివరి నాలుగు అంకెలు చదివించుకోండి. వ్యాపారులకైతే ఇది తప్పనిసరి. "మా బ్యాంకు ఖాతా మారింది, ఇకపై ఇందులో వేయండి" అంటూ సరుకు పంపేవారి పేరుతో వచ్చే ఈమెయిళ్లలో మోసాలు ఎక్కువ. పాత ఫోన్ నంబరుకే చేసి అడగాలి గానీ ఆ ఈమెయిల్లో ఉన్న నంబరుకు కాదు.

నంబరు పొడవు కూడా ఒక ఆధారం. స్టేట్ బ్యాంకు ఖాతాకు 11 అంకెలు, ఐసీఐసీఐకి 12, హెచ్‌డీఎఫ్‌సీకి 14, యూనియన్ బ్యాంకుకు 15. స్టేట్ బ్యాంకు స్టేట్‌మెంట్లలో ముందు సున్నాలు చేర్చి పొడుగ్గా కనపడుతుంది, ఆ సున్నాలు వదిలేసి 11 అంకెలే వేయాలి.

ఐఎఫ్ఎస్‌సీలో 11 అక్షరాలు. మొదటి నాలుగూ బ్యాంకు, చివరి ఆరూ శాఖ, మధ్యలో అయిదోది ఎప్పుడూ సున్నాయే. అక్కడ ఇంగ్లిషు "ఓ" అక్షరం కొడితే తీసుకోదు. మన రెండు రాష్ట్రాల్లో పాత పాస్‌బుక్‌లతో వచ్చే చిక్కు ఇంకొకటుంది. స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ 2017 ఏప్రిల్ 1న స్టేట్ బ్యాంకులో కలిసింది. ఆంధ్రా బ్యాంకు, కార్పొరేషన్ బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో, సిండికేట్ బ్యాంకు కెనరాలో కలిశాయి. గ్రామీణ బ్యాంకులూ కలిసిపోయాయి. తెలంగాణలోని ఏపీ గ్రామీణ వికాస్ బ్యాంకు శాఖలు 2025 జనవరి 1న తెలంగాణ గ్రామీణ బ్యాంకులోకి వచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌లోని నాలుగు గ్రామీణ బ్యాంకులు 2025 మే 1న ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకుగా ఏకమయ్యాయి. ఊళ్లో అమ్మానాన్నల దగ్గరున్న పాస్‌బుక్ మొదటి పేజీ మీద పాత కోడే ఉండొచ్చు. దాన్ని నమ్ముకోకుండా ఆ శాఖ కొత్త కోడును బ్యాంకు వెబ్‌సైటులో గానీ రిజర్వు బ్యాంకు వెబ్‌సైటులోని జాబితాలో గానీ వెతికి తీసుకోండి.

2025 ఏప్రిల్ నుంచి నెఫ్ట్, ఆర్టీజీఎస్‌లకు పేరు సరిచూసుకునే సదుపాయం వచ్చింది. ఖాతా నంబరు, ఐఎఫ్ఎస్‌సీ ఇవ్వగానే అవతలి బ్యాంకు రికార్డులో ఉన్న పేరు తెరమీద కనపడుతుంది. డబ్బులు తీసుకోరు. ఈ మెట్టు దాటేయకండి. మీరు అనుకున్న పేరు కాకుండా వేరే కనపడితే అక్కడే ఆగిపోవాలి. "కె. శ్రీనివాసరావు" బదులు "కొమ్మినేని శ్రీనివాసరావు" అని ఉంటే సరే, అసలు మనిషే మారిపోతే కాదు.

పేరు సరిపోయినా, మొదటిసారి పంపేటప్పుడు పది రూపాయలు ఐఎంపీఎస్‌లో వేసి, అవతలివారికి మెసేజ్ వచ్చిందని నోటితో విన్నాకే అసలు మొత్తం పంపండి. ఇంటిపేరూ పేరూ కలిసే మనుషులు ఒకే ఊళ్లో నలుగురుండే చోట పేరు ఒక్కటీ చాలదు.

పిల్లలు విదేశంలో ఉండి ఇక్కడ ఎన్ఆర్ఈ ఖాతా పెట్టుకుని ఉంటే, మీ మామూలు ఖాతా నుంచి ఆ ఎన్ఆర్ఈలోకి రూపాయలు వేయకూడదు. అది విదేశీ సంపాదన కోసం పెట్టిన ఖాతా. ఇక్కడి డబ్బు ఎన్ఆర్ఓ ఖాతాలోకి పంపాలి.

కట్ అయింది, పడలేదు

ముందుగా నంబరు తీసి పెట్టుకోండి. నెఫ్ట్ యూటీఆర్‌లో 16 అక్షరాలు, ఆర్టీజీఎస్‌లో 22, ఐఎంపీఎస్‌కు 12 అంకెల రిఫరెన్సు. "సక్సెస్" అని వచ్చిన స్క్రీన్‌షాట్ కంటే ఈ నంబరే విలువైంది. అవతలి బ్యాంకు దీంతోనే వెతుకుతుంది.

ఐఎంపీఎస్‌లో మీ ఖాతాలో కట్ అయి అవతల పడకపోతే, మరుసటి రోజులోగా తనంతట తానే తిరిగి జమ కావాలి. ఆలస్యమైతే రోజుకు 100 రూపాయల చొప్పున బ్యాంకు పరిహారం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరులో ఆదేశించింది. అడగకపోయినా ఇవ్వాల్సినదే. నెఫ్ట్ ఆలస్యమైతే రెపో రేటుకు (రిజర్వు బ్యాంకు బ్యాంకులకు అప్పిచ్చే వడ్డీ రేటు) 2 శాతం కలిపి ఆ రోజులకు వడ్డీ ఇవ్వాలి. తిరిగొచ్చిన డబ్బు స్టేట్‌మెంట్‌లో పాత పద్దు చెరిగిపోయినట్టుగా ఉండదు, "రిటర్న్" అని వేరే జమగా కనపడుతుంది. అది చూసుకోకుండా కంగారులో రెండోసారి పంపితే ఇద్దరికీ లెక్క తప్పుతుంది. ముఖ్యంగా "పెండింగ్" అని చూపిస్తున్నప్పుడు మళ్లీ పంపొద్దు. పెండింగ్ అంటే విఫలమైందని కాదు.

బ్యాంకు 30 రోజుల్లో తేల్చకపోయినా, ఇచ్చిన జవాబు సబబుగా లేకపోయినా బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఆన్‌లైన్‌లో ఉచితంగా ఫిర్యాదు చేయొచ్చు. సహాయ నంబరు 14448. ముందు బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, ఆ నంబరు దగ్గర ఉంచుకుంటేనే ఇది ముందుకు కదులుతుంది.

వేరేవాళ్ల ఖాతాలో పడితే సంగతి వేరు. వెంటనే మీ బ్యాంకుకు ఫోన్ చేసి, యూటీఆర్‌తో ఈమెయిల్ రాయండి. మీ బ్యాంకు అవతలి బ్యాంకును అడుగుతుంది, అవతలి బ్యాంకు ఆ ఖాతాదారును అడుగుతుంది. ఆ మనిషి ఒప్పుకుంటేనే డబ్బు వెనక్కి వస్తుంది, బ్యాంకు తనంతట తాను తీసివ్వదు. ఒప్పుకోకపోతే పోలీసులు, కోర్టు. ఎంత ఆలస్యం చేస్తే అంత లోపల ఆ ఖాతా ఖాళీ అయ్యే అవకాశం ఉంటుంది. మోసం చేసి పంపించుకున్నదైతే బ్యాంకుకు ఫోన్ చేయడంతో పాటు అప్పటికప్పుడే 1930కి ఫోన్ చేయాలి. డబ్బు ఒక ఖాతా నుంచి ఇంకో ఖాతాకు మారేలోపు ఆపించడానికే ఆ నంబరు.

ఇంకొక్కటి. రిజర్వు బ్యాంకు ఆదేశం మేరకు మన బ్యాంకులు 2025 అక్టోబరు 31లోగా తమ వెబ్‌సైట్లను "డాట్ బ్యాంక్ డాట్ ఇన్" చిరునామాలోకి మార్చుకోవాల్సి వచ్చింది. లాగిన్ పేజీ చిరునామా అలా ముగియకపోతే పాస్‌వర్డు కొట్టొద్దు. గూగుల్‌లో వెతికి మొదట వచ్చిన ప్రకటన మీద నొక్కే అలవాటు మానేయండి.

సరిహద్దు దాటితే

విదేశాలకు పంపడంలో అన్నిటికన్నా ఎక్కువగా తెలుగు ఇళ్లకు ఎదురయ్యేది అమెరికాలోనో ఇంగ్లండులోనో చదివే పిల్లల ఫీజు. అందుకే దాన్నే ఉదాహరణగా తీసుకుందాం.

ఇక్కడ నివసించే ప్రతి వ్యక్తీ ఏప్రిల్ నుంచి మార్చి దాకా ఒక ఆర్థిక సంవత్సరంలో 2,50,000 డాలర్ల వరకు విదేశాలకు పంపుకోవచ్చు. దీన్నే ఎల్ఆర్ఎస్ అంటారు. పాన్ తప్పనిసరి. వేర్వేరు బ్యాంకుల నుంచి పంపినా లెక్క పాన్ మీద కలుస్తుంది. తండ్రికీ తల్లికీ విడివిడిగా పరిమితి ఉంటుంది.

ముందుగా నెట్ బ్యాంకింగ్‌లో విదేశీ చెల్లింపుల విభాగం ఉందో లేదో, దాన్ని మీ ఖాతాకు తెరిచారో లేదో చూడండి. కొన్ని బ్యాంకుల్లో దీనికోసం ఒకసారి శాఖకు వెళ్లి కాగితాలు ఇవ్వాలి. ఆన్‌లైన్‌లో పంపే మొత్తానికి కూడా బ్యాంకు సొంత పరిమితి ఉంటుంది. అది దాటితే శాఖే గతి. కావాల్సినవి: పాన్, విద్యార్థి పాస్‌పోర్టు, వీసా, అడ్మిషన్ లేఖ లేదా అమెరికాకైతే ఐ-20 (విద్యార్థి వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే పత్రం), యూనివర్సిటీ ఇచ్చిన ఫీజు బిల్లు, మీకూ విద్యార్థికీ సంబంధం చూపే కాగితం. వీటిని పీడీఎఫ్‌లుగా ఒకచోట పెట్టుకుంటే ప్రతి సెమిస్టరుకూ వెతుక్కోనక్కర్లేదు.

తర్వాత అందుకునేవారి వివరాలు. ఇవి దేశాన్ని బట్టి మారతాయి. దాదాపు అన్నిచోట్లా స్విఫ్ట్ కోడ్ (విదేశీ బదిలీల్లో బ్యాంకును గుర్తించే కోడ్) ఉంటుంది, ఎనిమిది లేదా పదకొండు అక్షరాలు. అందులో అయిదు, ఆరు స్థానాల్లోవి దేశాన్ని చెబుతాయి. అమెరికా ఖాతాకు చెక్కు మీద ఉండే రూటింగ్ నంబరు (అక్కడి బ్యాంకును గుర్తించే నంబరు) ఇస్తే కుదరకపోవచ్చు. చాలా బ్యాంకులకు మామూలు బదిలీలకు ఒక తొమ్మిదంకెల నంబరు, వైర్ బదిలీలకు, అంటే ఇలా బ్యాంకు నుంచి బ్యాంకుకు నేరుగా పంపే వాటికి, ఇంకోటి ఉంటుంది. "వైర్ రూటింగ్ నంబరు" అని అడిగి తీసుకోండి. చిన్న బ్యాంకులకు, క్రెడిట్ యూనియన్లకు స్విఫ్ట్ కోడే ఉండదు. వాళ్లు ఇంకో పెద్ద బ్యాంకు ద్వారా తీసుకుంటారు, ఆ మధ్యవర్తి బ్యాంకు వివరాలు కూడా నింపాలి. యూరప్, గల్ఫ్ లాంటి చోట్ల ఖాతా నంబరుకు ఐబాన్ అనే అంతర్జాతీయ రూపం వాడతారు. బ్రిటన్, జర్మనీ ఐబాన్‌లో 22 అక్షరాలు, ఫ్రాన్సుకు 27, యూఏఈకి 23. ఐబాన్‌లో దేశం అక్షరాల తర్వాత వచ్చే రెండు అంకెలు తప్పు పట్టుకోవడానికే పెట్టినవి, కాబట్టి ఒక అంకె తప్పు కొడితే సైటే చెప్పేస్తుంది. అమెరికా ఖాతా నంబరుకు అంత భద్రత లేదు. ఆస్ట్రేలియాకు ఆరంకెల బీఎస్‌బీ, కెనడాకు అయిదంకెల ట్రాన్సిట్, మూడంకెల ఇన్‌స్టిట్యూషన్ నంబరు.

పేరు విషయంలో మనవాళ్లకు ప్రత్యేకమైన చిక్కుంది. ఇక్కడ ఖాతాలో ఇంటిపేరు ఒక అక్షరంగా ఉంటుంది, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటుంది. పాస్‌పోర్టులో ఒకే పేరు ఉన్నవారికి అమెరికా వీసాలో మొదటి పేరు స్థానంలో "ఎఫ్ఎన్‌యూ" (మొదటి పేరు తెలియదు) అని వేస్తారు, అక్కడి బ్యాంకు ఖాతాలోనూ అదే దిగుతుంది. మీరు నింపాల్సిన పేరు ఆ విదేశీ ఖాతాలో ఎలా ఉందో అచ్చం అలాగే. అబ్బాయి చేత స్టేట్‌మెంట్ పీడీఎఫ్ పంపించుకుని చూసి రాయండి. చిరునామాలో ఊరు, దేశం వేరుగా సరిగా నింపాలి. ఫీజు యూనివర్సిటీకే పోతుంటే, రిమార్కుల్లో విద్యార్థి ఐడీ, బిల్లు నంబరు, ఇంతే. అది లేకపోతే డబ్బు యూనివర్సిటీకి చేరుతుంది గానీ ఎవరి ఫీజో తెలియక పక్కన పడి ఉంటుంది. ఈలోపు గడువు దాటి ఆలస్య రుసుము పడుతుంది. రిమార్కులకు 140 అక్షరాలే చోటు. "అండ్" గుర్తు, "ఎట్" గుర్తు లాంటివి వాడొద్దు.

పర్పస్ కోడ్

ఎందుకు పంపుతున్నారో చెప్పే కోడ్ ఇది. విద్యార్థి ఫీజు, హాస్టల్, చదువుకు అవసరమైన రోజువారీ ఖర్చులకు ఎస్0305. విదేశంలో ఉన్న కుటుంబసభ్యుల పోషణకు ఎస్1301. కానుకకు ఎస్1302. పిల్లల ఇంటద్దెకు పంపుతూ "ఫ్యామిలీ మెయింటెనెన్స్" ఎంచుకునేవారు చాలామంది. తప్పు చిన్నదిగా కనపడుతుంది గానీ పన్ను దగ్గర తేడా పెద్దది.

2025 ఏప్రిల్ 1 నుంచి ఒక పాన్ మీద ఏడాదికి 10 లక్షల రూపాయల దాకా పంపితే టీసీఎస్ (పంపేటప్పుడే బ్యాంకు వసూలు చేసే పన్ను) లేదు. ఆపైన ఉన్న భాగానికే పడుతుంది. చదువుకు, వైద్యానికి అయితే అంతకుముందున్న 5 శాతాన్ని 2026 బడ్జెట్‌లో 2 శాతానికి తగ్గించారు, అది ఆ ఏప్రిల్ నుంచి అమలు. మిగతా చాలా అవసరాలకు 20 శాతం. గుర్తింపు ఉన్న ఆర్థిక సంస్థ ఇచ్చిన విద్యా రుణం నుంచి ఫీజు కడితే అసలు లేదు, కానీ రుణ మంజూరు లేఖ ముందే ఇవ్వాలి. 10 లక్షల లెక్కలో అన్ని బ్యాంకులవీ, అన్ని అవసరాలవీ కలుస్తాయి.

టీసీఎస్ ఖర్చు కాదు, ముందస్తు పన్ను. మీ పాన్ మీద జమైన పన్నులు చూపే 26ఏఎస్ పట్టికలో కనపడుతుంది, రిటర్ను వేసేటప్పుడు సర్దుకోవచ్చు లేదా తిరిగి పొందొచ్చు. అయితే ఎవరి పాన్ మీద పంపారో వారికే వస్తుంది. పన్ను కట్టే ఆదాయం లేని తల్లి ఖాతా నుంచి పంపితే, ఆమె కూడా రిటర్ను వేస్తేనే డబ్బు వెనక్కి.

అసలు ఖర్చు రేటులో ఉంది

"రుసుము కేవలం 500" అన్న ప్రకటన చూసి మోసపోవద్దు. బ్యాంకు తన లాభాన్ని మారకం రేటులో కలుపుతుంది. ఉదాహరణకు మార్కెట్లో డాలరు 90 రూపాయలుందనుకుందాం. బ్యాంకు మీకు 91.35 చెబితే అది ఒకటిన్నర శాతం. 12,000 డాలర్ల ఫీజు మీద అది 16,200 రూపాయలు.

అదే ఉదాహరణ పూర్తిగా చూస్తే: 12,000 డాలర్లకు 91.35 చొప్పున 10,96,200. బ్యాంకు రుసుము వెయ్యి అనుకుంటే జీఎస్టీతో 1,180. కరెన్సీ మార్పిడి మీద జీఎస్టీ సుమారు 1,007. పది లక్షలు దాటిన 96,200 మీద చదువుకైతే 2 శాతం టీసీఎస్ 1,924. మొత్తం 11,00,311 రూపాయలు ఖాతాలో ఉండాలి. ఇదే డబ్బు ఎస్1301 కింద పంపితే టీసీఎస్ 19,240 అవుతుంది. ఖాతాలో ఫీజుకు సరిపడా మాత్రమే ఉంచి, ఈ పైవాటికి లేక లావాదేవీ ఆగిపోవడం తరచూ జరిగే పని.

మార్పిడి జీఎస్టీ లెక్క ఇలా ఉంటుంది. లక్ష దాకా మొత్తంలో 1 శాతాన్ని (కనీసం 250 రూపాయలు) సేవ విలువగా తీసుకుని దానిపైన 18 శాతం. లక్ష నుంచి పది లక్షల దాకా వెయ్యి రూపాయలకు లక్ష దాటిన దాంట్లో అర శాతం కలిపి. పది లక్షల పైన 5,500కు పది లక్షలు దాటిన దాంట్లో 0.1 శాతం కలిపి, 60,000 మించకుండా.

రెండు మూడు చోట్ల రేటు అడిగేటప్పుడు రుసుములు విడివిడిగా పోల్చొద్దు. "అక్కడ కచ్చితంగా 12,000 డాలర్లు చేరాలంటే నా ఖాతాలో మొత్తం ఎంత కట్ అవుతుంది?" అని ఒకే ప్రశ్న, ఒకే రోజు, ఒకే గంటలో అందరినీ అడగండి. పెద్ద మొత్తమైతే శాఖలోనో ఫారెక్స్ విభాగంలోనో మాట్లాడితే రేటు తగ్గించడం ఉంది. తెరమీద కనపడేదే తుది రేటు అనుకోనక్కర్లేదు.

ఆ "కచ్చితంగా చేరాలంటే" అన్న మాటకు కారణముంది. మీ బ్యాంకు నుంచి యూనివర్సిటీ బ్యాంకుకు డబ్బు తిన్నగా పోకపోవచ్చు, మధ్యలో ఒకటో రెండో బ్యాంకులుంటాయి. ఒక్కోటి కొన్ని డాలర్లు కోసుకుంటుంది. ఫారంలో ఛార్జీల దగ్గర మూడు ఎంపికలు: "అవర్" అంటే అన్నీ పంపేవారే భరిస్తారు, "షా" అంటే మీ బ్యాంకు రుసుము మీరు, మిగతావి అందుకునేవారు, "బెన్" అంటే అన్నీ అందుకునేవారే. ఫీజు కట్టేటప్పుడు "అవర్" ఎంచుకోండి. కాస్త ఎక్కువ పడినా, 20 డాలర్లు తగ్గి చేరి ఫీజు బాకీగా మిగిలి రిజిస్ట్రేషన్ ఆగిపోయే కంటే నయం. పిల్లల సొంత ఖాతాకు ఖర్చులకు పంపేటప్పుడు "షా" చాలు.

పంపాక

విదేశీ మారకం మార్కెట్ శని, ఆదివారాలు ఉండదు. బ్యాంకుల గడువు సమయం మామూలుగా మధ్యాహ్నంతో ముగుస్తుంది, ఆ తర్వాత పెట్టినవి మర్నాటికి. శుక్రవారం సాయంత్రం పెడితే సోమవారం కదులుతుంది, అప్పటి రేటే పడొచ్చు. రెండు దేశాల సెలవులూ లెక్కలోకి వస్తాయి. సాధారణంగా ఒకటి నుంచి మూడు పనిదినాల్లో చేరుతుంది గానీ ఫీజు గడువుకు కనీసం అయిదు పనిదినాల ముందు పంపండి.

డబ్బు కదిలాక బ్యాంకును స్విఫ్ట్ కాపీ అడగండి. అందులో 36 అక్షరాల యూఈటీఆర్ నంబరు ఉంటుంది. డబ్బు ఏ బ్యాంకు దగ్గర ఆగిందో దాంతో తెలుసుకోవచ్చు. ఎక్కువసార్లు ఆగేది మూడు కారణాలతో: పేరు ఖాతాతో కలవకపోవడం, చిరునామా అసంపూర్తిగా ఉండటం, మధ్యవర్తి బ్యాంకు ఏదో కాగితం అడగటం. మీ బ్యాంకు నుంచి వచ్చే ఈమెయిల్ చూడక వారం పోగొట్టుకోవద్దు. వివరాలు సరిచేయిస్తే కొద్దిపాటి రుసుముతో పోతుంది. వెనక్కి తెప్పించుకుంటే మాత్రం డాలర్లను బ్యాంకు కొనే రేటుకు మార్చి ఇస్తుంది. పంపినప్పుడు అమ్మే రేటు, తిరిగొచ్చినప్పుడు కొనే రేటు, రెండు వైపులా నష్టం.

అక్కడి నుంచి ఇక్కడికి

విదేశంలో ఉన్నవారు ఊరికి పంపేటప్పుడు చాలామంది రెమిటెన్స్ కంపెనీల యాప్‌లు వాడతారు. అక్కడ కూడా పైన చెప్పిన ప్రశ్నే, తిరగేసి: "నేను వెయ్యి డాలర్లిస్తే ఊళ్లో ఎన్ని రూపాయలు పడతాయి?" బ్యాంకు ద్వారా స్విఫ్ట్‌లో పంపితే, ఇక్కడి చిన్న శాఖలకు సొంత స్విఫ్ట్ కోడ్ ఉండదు. ఆ బ్యాంకు విదేశీ చెల్లింపులు చూసే శాఖ కోడ్ వేసి, వివరాల్లో అసలు శాఖ ఐఎఫ్ఎస్‌సీ, ఖాతా నంబరు రాయాలి. అమెరికాలో 2026 జనవరి 1 నుంచి బయటి దేశాలకు పంపే సొమ్ము మీద 1 శాతం పన్ను వచ్చింది. అయితే అది నగదు, మనీ ఆర్డరు, క్యాషియర్ చెక్కు ఇచ్చి పంపినప్పుడే. అమెరికా బ్యాంకు ఖాతా నుంచి గానీ అక్కడి డెబిట్ కార్డుతో గానీ పంపితే పడదు. ఫ్లాటు కొనడానికో రుణం తీర్చడానికో పంపేవారు సొంత ఎన్ఆర్ఈ ఖాతాలోకే పంపుకుని, ప్రతిసారీ బ్యాంకు నుంచి విదేశీ జమ ధ్రువపత్రం తీసుకుని దాచుకోవాలి. రేపు ఆ ఫ్లాటు అమ్మి డబ్బు మళ్లీ బయటికి తీసుకెళ్లాలంటే బ్యాంకు ముందు అడిగేది ఆ కాగితాన్నే.